ముప్ఫయి అయిదు నిమిషాలు

చిన్నప్పుడు లెక్కల్లో నాకు ఎప్పుడూ నూటికి నూరు మార్కులు వచ్చేవి. గొప్పకు చెప్పడం లేదు. ఆ నూరు మార్కుల మూలంగా ఒకసారి మా అమ్మమ్మకు ఎంత కష్టం వచ్చిందో చెప్పబోతున్నాను గనక ముందుగా ఈ సంగతి చెప్పక తప్పదు.

అది 2018వ సంవత్సరం, మే నెల. ఏడవ తరగతి పరీక్షలు అయిపోయి నాకు సెలవులు ఇచ్చారు. మేము విజయవాడలో సత్యనారాయణపురంలో ఉండేవాళ్ళం. అమ్మమ్మ, తాతయ్య విశాఖపట్నంలో ఉండేవాళ్ళు. ఏటా సెలవులకు మేము రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఇంకా చీకటి ఉండగానే లేచి, నిద్రకళ్ళతో స్టేషనుకు పోయి రైలెక్కితే, ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట, తుని, అనకాపల్లి అన్నీ దాటుకుని మధ్యాహ్నానికి విశాఖపట్నం చేరేవాళ్ళం. ఇంటి నుంచి ఇంటికి ఏడు గంటలకు పైగా పట్టేది.

ఆ ఏడు నాన్నకు మూడు రోజులే సెలవు దొరికింది. "రానూ పోనూ రెండు రోజులు రైల్లోనే అయిపోతే మీ అమ్మావాళ్ళతో కూర్చునేది ఎప్పుడు?" అని అమ్మతో అని, ఆయన విమానానికి టిక్కెట్లు కొన్నాడు. మా ఇంట్లో ఎవరూ అంతకు ముందు విమానం ఎక్కి ఎరగరు. నా సంతోషం ఎంతని చెప్పను!

ప్రయాణానికి ముందురోజు సాయంకాలం నేను బడి అట్లాసు తీసి ముందు వేసుకున్నాను. పటం అడుగున, ఒక సెంటీమీటరుకు 50 కిలోమీటర్లు అని కొలత రాసి ఉన్నది. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న గన్నవరంలో విమానం ఎక్కాలి. గన్నవరం దగ్గర ఒక చుక్క, విశాఖపట్నం విమానాశ్రయం దగ్గర ఒక చుక్క పెట్టి, రెంటికీ మధ్య స్కేలు పెట్టి చూశాను. 5.8 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 50తో గుణిస్తే 290 కిలోమీటర్లు.

రైలు దారి 350 కిలోమీటర్లని నాకు ముందే తెలుసు. తాతయ్య రైల్వేలో స్టేషను మాస్టరుగా పనిచేసి రిటైరైనవాడు. ఆయన ఆ దారిలోని స్టేషన్ల దూరాలన్నీ ఎక్కాలు ఒప్పచెప్పినట్టు చెప్పేవాడు. రైలు వంతెన ఉన్నచోటనే గోదావరి దాటాలి, ఊళ్ళను కలుపుకుంటూ వంకర తిరుగుతూ పోవాలి. విమానానికి ఆ బాధ లేదు. అంచేత 60 కిలోమీటర్లు కలిసి వస్తున్నాయని నేను తేల్చాను.

తరవాత వేగం. మేము ఎక్కబోయేది రెండు ప్రొపెల్లర్లు ఉన్న చిన్న విమానమనీ, అది గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోగలదనీ నాన్న చెప్పాడు. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది గదా! 290ని 500తో భాగించి 60తో గుణించాను. 34.8 వచ్చింది. అంటే 35 నిమిషాలు!

నేను ఎగిరి గంతు వేసి, సరిచూసుకుందామని టిక్కెట్టు తీశాను. దాని మీద గన్నవరంలో బయలుదేరేది 10.00 గంటలకనీ, విశాఖపట్నం చేరేది 11.05 గంటలకనీ అచ్చు వేసి ఉన్నది. అంటే 65 నిమిషాలు. నా లెక్కకూ టిక్కెట్టుకూ 30 నిమిషాల తేడా వచ్చింది.

ఈ తేడా ఎందుకు వచ్చిందని నేను నాన్ననైనా అడిగి ఉండవలసింది. కాని నా లెక్క తప్పయ్యే ప్రశ్నే లేదనుకున్నాను. ఆలస్యమైతే ఎవరూ తిట్టకుండా విమానంవాళ్ళు ముందుగానే అరగంట కలిపి వేసుకుని ఉంటారని నాకు నేనే సమాధానం చెప్పుకుని, టిక్కెట్టు యథాస్థానంలో పెట్టేశాను.

అప్పటికే అమ్మ ఫోను చేసి, "రేపు భోజనాల వేళకు వస్తాం. మా కోసం ఆగకుండా మీ ఫలహారాలు కానివ్వండి," అని చెప్పి ఉన్నది. నేను అమ్మ చూడకుండా మళ్ళీ ఫోను చేశాను.

"అమ్మమ్మా! పదింటికి మా విమానం బయలుదేరుతుంది. పదీ ముప్ఫయి అయిదుకల్లా మీ ఊళ్ళో ఉంటాం. నేను లెక్క కట్టాను!" అన్నాను.

"ముప్ఫయి అయిదు నిమిషాలేనా తల్లీ? మీ అమ్మ భోజనాల వేళ అన్నదే!" అన్నది అమ్మమ్మ.

"అమ్మకు తెలియదు. దూరం 290, వేగం 500. సరిగ్గా ముప్ఫయి అయిదు నిమిషాలు. కావాలంటే తాతయ్యను అడుగు!"

"తాతయ్యను అడగడం దేనికి, నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక! అయితే దిబ్బరొట్టె వేసి ఉంచుతాను, అందరం కలిసే తిందాం," అన్నది అమ్మమ్మ.

టిక్కెట్టు మీద 11.05 అని ఉన్న సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

మర్నాడు నా లెక్క రైటని అందరికీ రుజువు చేద్దామని చేతికి గడియారం పెట్టుకుని, ఒక చిన్న పుస్తకమూ పెన్సిలూ తీసుకుని బయలుదేరాను. ఎప్పుడు ఏం జరిగినా వెంటనే రాసుకోవాలని నా ఉద్దేశం.

ఉదయం 7.45కు ఇల్లు కదిలాం. 8.30కు గన్నవరం చేరాం. అక్కడ టిక్కెట్లు చూశారు, పెట్టెలు తూచి తీసుకున్నారు, మమ్మల్ని తనిఖీ చేశారు. అదంతా అయినాక వరసగా కుర్చీలున్న పెద్ద గదిలో కూర్చున్నాం. చాలాసేపటికి విమానంలోకి పంపారు.

సరిగ్గా 10 గంటలకు విమానం కదిలింది. "చూశావా నాన్నా, ఒక్క నిమిషం కూడా ఆలస్యం లేదు!" అన్నాను. కాని విమానం పైకి లేవలేదు. ఎడ్లబండిలాగా తాపీగా నేల మీద పోసాగింది. రన్‌వే దాకా పోయి, అక్కడ ఆగింది. పైనుంచి ఇంకొక విమానం దిగుతున్నది. అది దిగి పక్కకు తప్పుకున్నాక మాది రన్‌వే ఎక్కి, ఒక్కసారిగా హోరుపెట్టి పరుగెత్తి నేల విడిచింది. గడియారం చూస్తే 10.12.

అప్పుడు ఇంకొక చిత్రం జరిగింది. విశాఖపట్నం మాకు తూర్పున, కొంచెం ఉత్తరానికి ఉన్నది. పొద్దుటి పూట గనక ఎండ ముందునుంచి రావాలి. కాని ఎండ వెనకనుంచి వస్తున్నది! మా విమానం పడమటికి పోతున్నది. నాకు ఏడుపు వచ్చినంత పని అయింది. కొంతసేపటికి రెక్క వాల్చి, పెద్ద చుట్టు తిరిగి, అప్పటికి గాని తూర్పు దారి పట్టలేదు.

కింద పచ్చని చేలు, కాలవలు, ఇంటి కప్పులు కనబడ్డాయి. వాటి తరవాత గోదావరి వచ్చింది. వేసవి గనక నీళ్ళ మధ్య పెద్ద పెద్ద ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. రాజమండ్రి వంతెనలు దారాలు కట్టినట్టుగా ఉన్నాయి. అట్లాసులో నేను గీసిన గీత కూడా రాజమండ్రి మీదుగానే పోయింది. ఆ సంతోషంలో మళ్ళీ గడియారం చూశాను.

10.35 అయింది.

కిందికి చూశాను. విశాఖపట్నం లేదు, అమ్మమ్మ ఇల్లు లేదు. గోదావరి దాటి ఐదు నిమిషాలు కూడా కాలేదు. దిబ్బరొట్టె చల్లారిపోతుందని ఒక్క క్షణం అనుకున్నాను గాని, అంతకు మించి నాకేమీ తోచలేదు.

తరవాత సముద్రం కనిపించింది. విమానం ఊరు దాటి సముద్రం మీదికి పోయి, అక్కడ వెనక్కు తిరిగి దిగడం మొదలుపెట్టింది. చక్రాలు నేల తాకినప్పుడు 10.57. మెల్లగా నడుచుకుంటూ పోయి తన చోట ఆగేసరికి 11.03. టిక్కెట్టు మీద వేసిన వేళకు మేము రెండు నిమిషాలు ముందే చేరాం!

పెట్టెలు వచ్చేసరికి 11.30 అయింది. బయటికి వచ్చి చూస్తే తాతయ్య ఎండలో నిలబడి, తుండుగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు.

"ఎప్పుడు వచ్చారు నాన్నా?" అని అమ్మ అడిగింది.

"పదింటికే వచ్చాను. పదీ ముప్ఫయి అయిదుకు దిగుతారని అమ్మడు చెప్పిందట గదా. తీరా వచ్చాక కనుక్కుంటే పదకొండూ అయిదన్నారు. ఇంటికి ఫోను చేసి, నువ్వు తినేయమని మీ అమ్మతో చెప్పాను. 'పదిన్నర దాకా ఆగినదాన్ని ఇంకొక్క అరగంట ఆగలేనా?' అన్నది," అన్నాడు తాతయ్య.

ఈ మాట వినగానే అమ్మ మొహం మారిపోయింది. అమ్మమ్మకు మధుమేహం ఉన్నది. ఆమె ఉదయం 8 గంటలకు మాత్ర వేసుకుని, అరగంటలోపల ఫలహారం చేయాలి. ఆ మాత్ర రక్తంలో చక్కెరను తగ్గిస్తుంది. మాత్ర వేసుకుని తినకుండా కూర్చుంటే చక్కెర ఉండవలసిన దానికన్నా తగ్గిపోయి, చెమటలు పోసి, వణుకు వచ్చి, స్పృహ కూడా తప్పవచ్చు.

కారులోనుంచి అమ్మ ఇంటికి ఫోను చేసింది. మోగుతున్నది గాని ఎవరూ తీయలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. దారి పొడుగునా లారీలు, బస్సులు. విమానం గంటకు 500 కిలోమీటర్లు పోతే పోయింది గాని, మా కారు ప్రతి కూడలిలోనూ ఆగుతున్నది. కారులో ఎవరూ మాట్లాడలేదు. నా చేతిలో పుస్తకం ఉన్నది. అందులో రాసుకోవడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

ఇల్లు చేరేసరికి 12.20. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ముందు గదిలో మంచం మీద అమ్మమ్మ పడుకుని ఉన్నది. పక్కింటి పిన్నిగారు విసనకర్రతో విసురుతున్నది. అమ్మమ్మ జాకెట్టు చెమటతో తడిసిపోయి ఉన్నది.

అదృష్టవశాత్తూ పిన్నిగారు పెరుగు తోడు అడగడానికి వచ్చి, అమ్మమ్మ వంటగది గోడకు ఆనుకుని వణుకుతూ ఉండటం చూసిందట. మాట తడబడుతున్నా అమ్మమ్మకు స్పృహ ఉన్నది. అందుచేత పిన్నిగారు వెంటనే పంచదార నీళ్ళు కలిపి తాగించి, కొంచెం తేరుకున్నాక అన్నం పెట్టి, మంచం మీద పడుకోబెట్టింది. ఫోను మోగినప్పుడు ఆమె వంటింట్లో అమ్మమ్మను పట్టుకుని ఉన్నది. ఇంకొక పావుగంట ఆమె రాకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ నాకు భయం వేస్తుంది.

నన్ను చూడగానే అమ్మమ్మ నవ్వింది. పిన్నిగారి వైపు తిరిగి, "విమానం ఆలస్యంగా వచ్చినట్టున్నది. పాపం, పిల్ల ఏం చేస్తుంది? మా మనవరాలి లెక్క ఎన్నడూ తప్పదు," అన్నది.

విమానం ఆలస్యం కాలేదు. ఆ సంగతి నాకు తెలుసు, తాతయ్యకూ తెలుసు. ఆయన నావంక ఒకసారి చూశాడు గాని ఏమీ అనలేదు. నన్ను ఎవరూ తిట్టలేదు. అమ్మమ్మ వేసిన దిబ్బరొట్టె పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. ముక్క తుంచాను గాని నాకు మింగుడు పడలేదు.

సాయంకాలం తాతయ్య నన్ను డాబా మీదికి తీసుకుపోయి, "ఏదమ్మా, నీ పుస్తకం చూపించు," అన్నాడు.

ఇవ్వగానే ఆయన కళ్ళజోడు పెట్టుకుని, నేను రాసుకున్న వేళల పక్కన ఒక్కొక్క దానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాశాడు. ఇంటి నుంచి గన్నవరం 45. అక్కడ కాచుకున్నది 90. విమానం కదిలినప్పటి నుంచి నేల విడిచేదాకా 12. గాలిలో 45. నేల తాకినప్పటి నుంచి ఆగేదాకా 6. పెట్టెలకు 27. కారులో 50. అన్నీ కలిపితే 275 నిమిషాలు, అంటే 4 గంటల 35 నిమిషాలు.

"అంతసేపు ప్రయాణంలో విమానం ఎగిరింది ఎంతసేపు?" అని అడిగాడు.

"నలభై అయిదు నిమిషాలు. ఇంచుమించు ఆరో వంతు," అన్నాను.

"నువ్వు లెక్క కట్టింది ఆ ఆరో వంతును. అది కూడా పూర్తిగా కట్టలేదు. విమానం నేల విడిచిన క్షణం నుంచీ 500 వేగంతో పోతుందా? ఎత్తు ఎక్కేటప్పుడు మెల్లగా పోతుంది. దిగేటప్పుడు వేగం తగ్గించుకుంటుంది. పైగా దారి కూడా సరిగ్గా నీ గీత మీద ఉండదు."

పడమటికి ఎందుకు లేచిందని నేను అడిగాను.

"గాలిపటం ఎగరేసేటప్పుడు నువ్వు ఎటు పరుగెత్తుతావు? గాలికి ఎదురుగా గదా! రెక్కల మీదుగా గాలి ఎంత జోరుగా పోతే విమానం అంత తేలికగా లేస్తుంది. ఎదురుగాలి ఉంటే ఆ మేరకు పరుగు కలిసి వస్తుంది. అందుకని గాలి ఎటునుంచి వీస్తే అటు మొహం పెట్టి లేస్తారు, దిగడమూ అలాగే దిగుతారు. ఇవాళ పడమటి గాలి వీచి ఉంటుంది. అందుకే అక్కడ పడమటికి లేచి తిరిగారు, ఇక్కడ సముద్రం మీదికి పోయి పడమటికి దిగారు. రెండు చుట్లకూ కలిపి నిమిషాలు పోలేదూ?"

"గాలికి ఇంకొక పని కూడా ఉన్నది," అని తాతయ్య మళ్ళీ మొదలుపెట్టాడు. "విమానం వేగం 500 అంటే గాలిలో 500 అని అర్థం. ఏట్లో పడవ సంగతి నీకు తెలుసు గదా. వాలుకు పోతే త్వరగా పోతుంది, ఎదురీదితే ఆలస్యమవుతుంది. వెనకనుంచి గంటకు 50 కిలోమీటర్ల గాలి తోస్తే నేల మీద లెక్కకు 550 పోతుంది. నీ 290కి 32 నిమిషాలు చాలు. అదే గాలి ఎదురైతే వేగం 450. అప్పుడు 39 నిమిషాలు కావాలి."

"మరి టిక్కెట్టు మీద 65 ఎలా వేశారు తాతయ్యా?"

"అది గాలిలో ఎగిరే కాలం కాదమ్మా. నిలబడ్డ విమానం కదలకుండా చక్రాలకు అడ్డుగా దిమ్మలు పెడతారు, బండి చక్రం కింద రాయి పెట్టినట్టు. ఇక్కడ ఆ దిమ్మలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, అక్కడ మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా పట్టే కాలాన్ని టిక్కెట్టు మీద వేస్తారు. నేల మీద నడిచేదీ, దారి ఖాళీ అయ్యేదాకా ఆగేదీ, ఎక్కేదీ, తిరిగేదీ, దిగేదీ అన్నీ అందులో చేరతాయి. కొంచెం వెసులుబాటు కూడా కలుపుతారు. ఆ మాట నువ్వు అనుకున్నదే గాని, అది అరగంట మాత్రం ఉండదు. మా రైళ్ళకూ అంతే. దూరాన్ని వేగంతో భాగించి టైంటేబులు వేస్తే ఒక్క రైలు కూడా వేళకు రాదు!"

తరవాత ఆయన నా అట్లాసు లెక్కలో ఇంకొక చిక్కు చూపించాడు. రైలు దారి 350, గాలి దారి 290 గనక 60 కిలోమీటర్లు కలిసి వచ్చాయని గదా నేను అనుకున్నది! కాని రైలు లెక్క విజయవాడ స్టేషను నుంచి విశాఖపట్నం స్టేషనుకు. నా లెక్క గన్నవరం నుంచి విమానాశ్రయానికి. విజయవాడ నుంచి గన్నవరం దాకా ఉన్న దూరమూ, ఇక్కడ విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ఉన్న దూరమూ నేను మరిచాను. ఆ 60లో ఇంచుమించు సగం అలా పోయింది. దాన్ని మేము కారులో తిరిగాం.

"అయితే విమానం వల్ల లాభమే లేదా?" అని అడిగాను.

"ఎందుకు లేదు? రైలులో అయితే ఏడున్నర గంటలు దాటేది. మూడు గంటలు మిగిలాయి గదా! కాని దూరం ఎంత తక్కువైతే లాభం అంత తక్కువ. గన్నవరంలో కాచుకున్న గంటన్నర ఉన్నదే, అది విశాఖపట్నానికైనా ఒకటే, ఢిల్లీకైనా ఒకటే. ఇక్కడినుంచి ఢిల్లీకి గాలి దారిన సుమారు 1,360 కిలోమీటర్లు. అంత దూరం పోయేవాడికి రైలులో ఒక రోజు దాటుతుంది. అలాంటివాడికి గంటన్నర కాచుకోవడం ఒక లెక్కలోది కాదు."

నేను తల వంచుకుని, "నా లెక్క తప్పు తాతయ్యా," అన్నాను.

"నీ లెక్కలో తప్పు లేదు. 500 వేగంతో 290 కిలోమీటర్లు ఎంతసేపని పరీక్షలో అడిగితే 35 నిమిషాలే రాయాలి. కాని మీ అమ్మమ్మకు కావలసినది ఆ జవాబు కాదు. నువ్వు గుమ్మంలోకి ఎప్పుడు వస్తావన్నదే ఆమెకు కావాలి," అని తాతయ్య కొంచెం ఆగి, "నీకు రెండు అంకెలు కనిపించాయి, 35, 65. రెంటికీ తేడా వచ్చినప్పుడు అక్కడ ఆగాలి. మనకు తెలియనిది ఏదో ఆ తేడాలో దాగి ఉంటుంది. ఇవాళ నేను చెప్పినదంతా ఆ 30 నిమిషాలలోనే ఉన్నది. నిన్న అడిగి ఉంటే నిన్ననే తెలిసేది," అన్నాడు.

నేను కిందికి దిగి అమ్మమ్మ దగ్గరికి పోయాను. ఆమె మంచం మీద కూర్చుని మల్లెమొగ్గలు మాల కడుతున్నది. ఎలా చెప్పాలో తెలియక కొంతసేపు పక్కన కూర్చుని మొగ్గలు అందించాను. చివరకు, "అమ్మమ్మా, విమానం ఆలస్యం కాలేదు. టిక్కెట్టు మీద పదకొండూ అయిదని ముందే ఉన్నది. నేను చూసి కూడా నీకు చెప్పలేదు," అన్నాను. చెబుతూ ఉండగానే నాకు ఏడుపు వచ్చింది.

అమ్మమ్మ మాల కట్టడం ఆపింది. "ఆ మాట కూడా చెప్పి ఉంటే రెండిడ్లీలు తిని కూర్చునేదాన్ని గదా తల్లీ!" అన్నది. తరవాత నా కళ్ళు తుడిచి, "తప్పు నాది కూడా ఉన్నది. మాత్ర వేసుకున్నాక ఎవరికోసమూ ఆగవద్దని డాక్టరుగారు చెప్పనే చెప్పారు. వచ్చేది మనవరాలు గదా అని ఆగాను," అన్నది.

ఆ మాల తీసి నా జడలోనే పెట్టింది.

ఎల్లుండి అమ్మా నాన్నా తిరిగి వెళ్ళారు. నేను సెలవులు అయ్యేదాకా ఉండిపోయాను. వాళ్ళ విమానం మధ్యాహ్నం 12 గంటలకు బయలుదేరుతుంది. "వాళ్ళు ఇల్లు చేరేసరికి ఎంతవుతుందే?" అని అమ్మమ్మ అడిగింది.

ఈసారి నేను వెంటనే జవాబు చెప్పలేదు. పుస్తకం తీసి, టిక్కెట్టు మీది 65 నిమిషాలు వేసుకున్నాను. పెట్టెలు రావడానికి కొంత కలిపాను. గన్నవరం నుంచి ఇంటికి 45 నిమిషాలు వేసుకున్నాను. వీధుల్లో రద్దీ ఉంటుందో ఉండదో తెలియదు గనక ఇంకొంచెం వదిలాను. అప్పుడు, "రెండింటికీ రెండున్నరకూ మధ్య," అన్నాను. ఒకే నిమిషాన్ని గురిచూసి చెప్పకుండా, ఇంతకూ అంతకూ మధ్య అని చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి.

అమ్మమ్మ వేళకు మాత్ర వేసుకుని, పన్నెండున్నరకు కడుపునిండా భోజనం చేసి, ఒక కునుకు కూడా తీసింది. 2.20కి ఫోను మోగింది. "ఇప్పుడే ఇంట్లోకి వచ్చామమ్మా," అన్నది అమ్మ.

మీరు కూడా అట్లాసు తీసి మీకు ఇష్టమైన రెండు విమానాశ్రయాల మధ్య స్కేలు పెట్టి చూడండి. తిరుపతీ రాజమండ్రీ కావచ్చు, కడపా విశాఖపట్నమూ కావచ్చు. దూరం కనుక్కుని వేగంతో భాగించండి. ఆ తరవాత టైంటేబులు చూడండి. రెండూ కలవవు. అప్పుడు నాలాగా పుస్తకం మూసేయకండి. ఆ తేడాలో ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటే రాసుకుంటూ పొండి.

ఆ వేసవి తరవాత నేను ఎన్నోసార్లు అమ్మమ్మ ఇంటికి వెళ్ళాను, రైలులో కొన్నిసార్లు, విమానంలో కొన్నిసార్లు. బయలుదేరే ముందు ఫోను చేసి ఎన్నింటికి వస్తానో చెబితే, అమ్మమ్మ ఇప్పటికీ ఒక ప్రశ్న వేస్తుంది:

"నువ్వు చెప్పేది గాలిలో వేళా, గుమ్మంలో వేళా?"

"గుమ్మంలో వేళే అమ్మమ్మా," అంటాను.

"అయితే సరే. నేను తినేసి ఉంటాను, నువ్వు మెల్లగా రా," అంటుంది.